అయిదవ పిచ్చుక

*బంగారు పక్షిరాజు క్రిందుగ గువ్వల జతను మోసికొనిపోయిన తల్లి మొదలు, నేటి మన దేవాలయముల చూరులలో చోటు దొరకని ఊరపిచ్చుక వరకు: బైబిలు పక్షుల కథ*

యెరూషలేము దేవాలయపు మహాద్వారము మీద స్వర్ణమయమైన పక్షిరాజు ఒకటి నిలిచియుండెను. క్రింద ప్రాంగణమున ప్రాతఃకాల బలుల ధూమము లేచుచుండ, గొఱ్ఱెపిల్లల అరుపులును, నాణెములు మార్చువారి బల్లలపై వెండి గలగలలును, బుట్టలలో ముడుచుకొని కూర్చున్న గువ్వల కూజితములును కలసి ఒక్క ఘోషయై వినవచ్చుచుండ, బేత్లెహేము దారిన నడచివచ్చిన ఒక వడ్రంగియు, నలువది దినముల పసికందును రొమ్మున హత్తుకొన్న అతని యువభార్యయు ఆ ద్వారమును సమీపించిరి. ప్రసవించిన స్త్రీ శుద్ధిదినములు నిండిన పిమ్మట ఏడాది గొఱ్ఱెపిల్లను, దానితోపాటు ఒక పక్షిని అర్పింపవలెనని మోషే ధర్మశాస్త్రము. గొఱ్ఱెపిల్లను తేజాలని పేదరాలు రెండు తెల్లగువ్వలనైనను, రెండు పావురపు పిల్లలనైనను తెచ్చిన చాలునని అదే శాస్త్రము చూపిన దయ. ఆ తల్లి తెచ్చినవి రెండు పక్షులే. మరియ పేదరాలని లూకా తన సువార్తలో ఈ తావున నోరు విప్పి చెప్పలేదు. ఆమె అర్పణము ఏదో చెప్పి ఊరకున్నాడు. నాటి పాఠకునకు అంతకంటె చెప్పవలసినది లేదు.

ద్వారముపైని పక్షిని గూర్చి వ్రాసినవాడు యూదు చరిత్రకారుడు జోసెఫస్. రోమా ప్రభువుల ప్రాపున రాజ్యమేలిన హేరోదు దానిని పెట్టింపగా, ప్రాణిరూపమును దేవుని మందిరమున నిలుపుట ధర్మవిరుద్ధమని నమ్మిన జనులు లోలోన కుమిలిరి. క్రీ.పూ. 4 ప్రాంతమున, రాజు మరణశయ్యపై నున్నాడన్న వార్త పొక్కగనే, ఇరువురు ధర్మబోధకుల శిష్యులు పట్టపగలు మందిరపు కప్పునుండి త్రాళ్ళతో దిగి, గొడ్డళ్ళతో ఆ పక్షిని నరికి పడవైచిరి. సుమారు నలువదిమంది పట్టువడిరి. బోధకులను, నరికిన శిష్యులను హేరోదు సజీవదహనము చేయించెను. యేసు హేరోదు దినములలోనే జన్మించెనన్న మత్తయి మాటను బట్టి చూడగా, మరియ గువ్వలతో ఆ ద్వారము దాటిననాడు ఆ బంగారు పక్షి ఇంకను పైన నిలిచియే యుండవచ్చును.

మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినోత్సవము. 2010 నుండి ఏటేట జరుగుచున్న ఆ దినము వచ్చినప్పుడెల్ల పత్రికలును పాఠశాలలును నగరములను విడిచిపోవుచున్న ఊరపిచ్చుకను గూర్చి మాటలాడుకొనుచున్నవి. తరచుగ ఆ రోజులలోనే తెలుగు క్రైస్తవులు శ్రమదినముల ఉపవాసప్రార్థనలలో నుండి ఈస్టరు పండుగకై ఎదురుచూచుచుందురు. పిచ్చుకకును, ఆ పండుగకు మూలపురుషుడైన ఆ గలిలయ బోధకునకును గల చుట్టరికము పూర్వమునుండి యున్నదే. గొప్పతనమునకు పక్షిరాజును, సౌందర్యమునకు నెమలిని ఎన్నుకొనుట లోకసహజము. బైబిలులో ఆ రెండును లేకపోలేదు. అయినను ఆ గ్రంథపు హృదయము అంగడిలో చౌకగ అమ్ముడుపోవు పక్షులవైపునకును, అపవిత్రములని త్రోసివేయబడిన పక్షులవైపునకును మరల మరల మొగ్గుచున్నదని నా దృఢవిశ్వాసము.

గువ్వల ధర దిగిన దినము

పావురమనగనే మనకు శాంతి స్ఫురించును. జలప్రళయానంతరము నోవహు ఓడకు ఒలీవ ఆకును ముక్కున కరచుకొనివచ్చినది అదియే. యొర్దాను నదిలో యేసు బాప్తిస్మము పొంది ఒడ్డునకు వచ్చినప్పుడు పరిశుద్ధాత్మ దిగివచ్చిన రూపము అదియే. 1949లో పారిస్ నగరమున జరిగిన శాంతి మహాసభకు పికాసో గీసిన పావురము గోడగోడకు ఎక్కిన తరువాత, బైబిలు తెరువని వారికి సైతము శాంతికపోతము సుపరిచితమైనది.

కాని యూదయ దేశపు సామాన్యునకు పావురము మొదట తిండి, ఎరువు, అర్పణము. యెరూషలేమునకు నైరృతి దిశనున్న మారేషా అను పురాతన నగరపు శిథిలముల క్రింద, మెత్తని సుద్దరాతిని తొలిచి చేసిన భూగర్భ కపోతగృహములు నేటికిని నిలిచియున్నవి. వానిలో ఒక్క గుహయందే గోడల పొడవునను వరుసలు వరుసలుగ సుమారు 2,000 గూళ్ళున్నవి. 2014లో ఈ గుహలు ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తింపబడినవి.

అవసరమున్న చోట ధర పెరుగుట అన్ని కాలములందును ఉన్నదే. మిష్నా అను ప్రాచీన యూదు ధర్మసంగ్రహమున ఒక ఉదంతము కలదు. ఒకప్పుడు యెరూషలేములో గువ్వల జత ధర ఒక బంగారు దేనారమునకు, అనగా ఇరువదియైదు వెండి దేనారములకు ఎక్కెను. వెండి దేనారము ఒక కూలివాని దినవేతనము. అయిదారు కాన్పుల అర్పణలు బాకీపడి, అవి తీరనిదే బలిప్రసాదము ముట్టరాదన్న నియమమున చిక్కిన పేదతల్లులు ఎందరో! రబ్బాన్ షిమోను బెన్ గమలీయేలు అను ఆచార్యుడు అది విని, ఈ మందిరము సాక్షిగ, జత ధర ఒక వెండి దేనారమునకు దిగునంతవరకు ఈ రాత్రి పండుకొననని శపథము చేసి, న్యాయసభకు పోయి, అయిదు కాన్పులు గల స్త్రీ ఒక్క అర్పణము తెచ్చిన చాలును, మిగిలినవి ఆమెకు విధికావని తీర్పు చెప్పెను. ఆ దినముననే జత ధర పావు దేనారమునకు, అనగా నూరవవంతునకు దిగెను. ధర్మశాస్త్రమును తల్లుల ఆకలివైపునుండి చదివిన ఆ పండితుడు నాకు మిక్కిలి పూజ్యుడుగ కనిపించును.

ఈ ఉదంతము తెలిసిన పిమ్మట, యేసు దేవాలయ ప్రాంగణమున గువ్వలమ్మువారి పీఠములు పడద్రోసిన ఘట్టము క్రొత్తగ కనబడును. సువార్తికులు ఆ వర్తకులను ప్రత్యేకముగ పేర్కొనుట వ్యర్థము కాదు. ఒకనాడు యేసు తల్లి కొన్నది, లేదా కొనుటకు కూడబెట్టుకొన్నది, అటువంటి జతనే.

ఓడ విడిచిన కాకి, వాగునకు వచ్చిన కాకి

నోవహు మొదట పంపినది పావురమును కాదు, కాకిని. అది నీరు ఇంకిపోవువరకు ఇటునటు తిరుగుచుండెనని ఆదికాండము. పావురము మాత్రము రెండుమార్లు మరలివచ్చెను. రెండవమారు ఆకుతో వచ్చెను. అందువలన పావురము విశ్వాసపాత్రమనియు, కాకి కృతఘ్నమనియు అనంతర కాలపు వ్యాఖ్యాతలు పలువురు వ్రాసిరి. మూలగ్రంథము కాకిని ఒక్కమాటయు నిందించి యుండలేదు.

లేవీయకాండము కాకిని అపవిత్ర పక్షులలో చేర్చినమాట నిజము. అట్టి కాకియే, అహాబు రాజు కాలమున కఱవు విరుచుకొని పడినప్పుడు, యొర్దానునకు తూర్పున కెరీతు వాగుచెంత దాగిన ఏలీయా ప్రవక్తకు ఉదయ సాయంకాలములందు రొట్టెయు మాంసమును మోసికొనివచ్చెను. ఏ పక్షిని ముట్టరాదని శాస్త్రము చెప్పెనో ఆ పక్షి ముక్కునుండి ప్రవక్త తన ఆహారమును అందుకొనవలసివచ్చెను. పితృకార్యమునాడు పెరటిలో పిండము పెట్టి, కాకి వచ్చి ముట్టునంతవరకు ఆకాశమువంక చూచుచు నిలుచు తెలుగువానికి ఈ కథలోని నిరీక్షణము క్రొత్త కాదు. యోబు గ్రంథమున దేవుడు సుడిగాలిలోనుండి అడిగిన ప్రశ్నలలో ఒకటి కాకి పిల్లలను గూర్చినది: అవి ఆకలితో అరచునప్పుడు ఆహారము సిద్ధపరచువాడెవడు? యేసు సైతము, విత్తక కోయక కొట్లు లేక బ్రతుకు కాకులను చూడుడని తన శిష్యులకు చెప్పెనని లూకా వ్రాసినాడు.

> బావేరునకు పోయిన కాకి
>
> నావికులు తీరము వెదకుటకు పక్షులను విడుచుట ప్రాచీనాచారము. బాబిలోను దేశపు గిల్గమేషు కావ్యమునందలి జలప్రళయ కథలో పావురము, వానకోవెల, కాకి వరుసగ విడువబడును. అచట తిరిగిరానిది కాకి, అదియే నేల కనబడినదన్న గుర్తు. ఆ మట్టిపలకను చదివి లోకమునకు తెలిపినవాడు జార్జి స్మిత్, సంవత్సరము 1872.
>
> మన బౌద్ధవాఙ్మయమున బావేరు జాతకమను కథ కలదు. భారతీయ వర్తకులు బావేరు దేశమునకు ఒక కాకిని కొనిపోగా, పక్షులెరుగని ఆ ప్రజలు దానిని గొప్పధర పెట్టి కొని గౌరవించిరట. మరుసటి పయనమున నెమలి రాగా కాకికి ఆదరము తప్పెనట. ఈ బావేరు బాబిలోనే యని పండితుల తలంపు. సొలొమోను ఓడలు మూడేండ్లకొకమారు బంగారము, దంతము, కోతులతోపాటు నెమళ్ళను తెచ్చెనని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది.

కాలమెరిగిన కొంగలు

ఆ దేశమున పక్షి కవులకును ప్రవక్తలకును ఇంతగా కనుల నిండుటకు భూమి స్వరూపమే కారణము. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములు కలియు ఆ సన్నని నేలమీదుగ ఏటికి రెండుమారులు సుమారు 50 కోట్ల పక్షులు ప్రయాణము చేయును. కొంగలు, గ్రద్దలు మొదలగు బరువైన పక్షులు వేడెక్కిన నేలనుండి పైకి లేచు గాలినాధారముగ చేసికొని రెక్క ఆడింపక సాగును. సముద్రము మీద అట్టి గాలి లేచుట అరుదు గనుక మధ్యధరా సముద్రమును దాటజాలక, యొర్దాను లోయవెంబడి గుంపులు గుంపులుగ ఒదిగి పోవును. యెరూషలేము పొరుగున అనాతోతు గ్రామమున పుట్టిన యిర్మీయా ప్రవక్త బాల్యమునుండియు ఈ దృశ్యమును చూచి యుండవలెను. సంకుబుడి కొంగయు తెల్లగువ్వయు ఓదెకొరుకును తాము రావలసిన కాలమెరుగును గాని నా జనులు తమ దేవుని న్యాయమెరుగరని అతడు వాపోయెను.

అరణ్యప్రయాణమున ఇశ్రాయేలీయుల పాళెముపై వాలిన పూరేళ్ళును ఈ దారివే. సముద్రమును దాటి అలసి తీరమున కూలబడు పూరేళ్ళను సీనాయి ఉత్తరతీరమున నేటికిని వలలు కట్టి పట్టుచున్నారు. సంఖ్యాకాండము ఆ విందును తెగులుతో ముగించినది. అత్యాశ పడిన వారి సమాధులే ఆ చోటికి పేరైనవి.

ఈ దారిలో మనుష్యుడు చేసిన చేటు ఒకటి చెప్పక తప్పదు. యొర్దాను లోయ ఉత్తరభాగమున హూలా అను చిత్తడిసరస్సును సేద్యపు భూమికై 1950 దశకమున ఎండబెట్టిరి. కొంతకాలమునకే ఆ నేల క్రుంగి, మండి, ధూళియై లేవసాగెను. 1990 దశకమున అందు కొంతభాగమునకు మరల నీరు పెట్టినమీదట ఓదెకొరుకులు తిరిగివచ్చినవి. నేడు చలికాలమున వేల సంఖ్యలో అచట విడిది చేయుచున్నవి.

నక్కయు, కోడియు, పక్షిరాజును

పక్షిరాజు బైబిలులో గొప్ప పక్షియే. ఐగుప్తునుండి వెడలివచ్చిన ప్రజలను పక్షిరాజు రెక్కలపై మోసి తెచ్చితినని దేవుడు నిర్గమకాండమున పలికెను. బాబిలోను చెరలో సొమ్మసిల్లినవారికి యెషయా గ్రంథము పక్షిరాజు రెక్కలను వాగ్దానము చేసెను. ఆ వాగ్దానము నేటికిని మన క్రైస్తవ గృహముల గోడ కేలండర్లపై తరచుగ దర్శనమిచ్చును.

అయితే యేసు కాలమునాటికి ఆ పక్షి మరియొకరి పాలైనది. ప్రతి రోమా సేనావాహిని ముందరను దండముపై పక్షిరాజు ప్రతిమ నడచుచుండెను. ఆ నీడ పడిన దేశములలో పన్ను, సిలువ రెండును వెంట వచ్చుచుండెను. దేవాలయ ద్వారముపై పక్షిని నరికి ప్రాణములిచ్చిన యువకుల కథ గలిలయ గ్రామములలో ముసలివారికి గుర్తున్న కథయే యైయుండును. అట్టి దినములలో యేసు యెరూషలేమును తలచి దుఃఖించుచు, తన ప్రేమకు పోలికగ ఏ పక్షిని ఎన్నుకొనెను? పూర్వగ్రంథములు సిద్ధముగ అందించిన పక్షిరాజును విడిచి, పెరటి కోడిని ఎన్నుకొనెను. కోడి తన పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొనునట్లు నిన్ను ఎన్నిమారులు చేర్చుకొనగోరితినని ఆ పట్టణముతో మొరపెట్టెను.

లూకా ఈ మాటను ఉంచిన చోటు మరియు గమనింపదగినది. హేరోదు నిన్ను చంపనున్నాడని కొందరు వచ్చి హెచ్చరింపగా, యేసు అతనిని నక్కయని పిలిచెను. ఆ హేరోదు, బంగారు పక్షిని పెట్టించిన హేరోదు కుమారుడు అంతిప. నక్కను పేర్కొన్న కొన్ని మాటలకే కోడి వచ్చినది. నక్క పొంచియున్న పెరటిలో కోడికి గోళ్ళబలము లేదు, పైకెగురు శక్తి లేదు. పిల్లలపై రెక్కలు కప్పి తానే ముందు చచ్చుట ఒక్కటే దానికి తెలిసిన యుద్ధము. పల్లెటూళ్ళ వాకిళ్ళలో డేగ నీడ కనబడగనే పిల్లలకోడి రెక్కలు చాపి నేలకు అతుక్కుపోవుట చూచినవారికి ఈ ఉపమానమునకు వ్యాఖ్య అవసరము లేదు. సర్వశక్తిమంతుడని తాము నమ్మిన దేవుని ప్రేమకు ఇంత నిస్సహాయమైన పోలికను సువార్తికులు దాచక వ్రాసియుంచుటకు ఎంతటి ధైర్యము కావలెనో!

క్రీ.శ. 70లో తీతు నాయకత్వమున రోమాసేనలు ఆ దేవాలయమును దగ్ధము చేసి, తమ ధ్వజములను ప్రాంగణమున నిలిపి వానికి బలులర్పించిరని జోసెఫస్ వ్రాసినాడు. ఒలీవకొండ వాలున, ఆ ప్రాంగణమునకు ఎదురుగ, అంతోనియో బర్లూచి అను వాస్తుశిల్పి రూపకల్పనతో 1955లో పూర్తియైన చిన్న దేవాలయమొకటి కలదు. కన్నీటి బొట్టు ఆకారమున కట్టబడిన ఆ మందిరపు బలిపీఠము ముందు రంగురాళ్ళతో పొదిగిన చిత్రమున, తలచుట్టు తేజోవలయముతో రెక్కల క్రింద పిల్లలను దాచుకొన్న కోడి యున్నది.

> కోడి కూసిన వేళ
>
> పేతురు తన గురువును ఎరుగనని ముమ్మారు బొంకిన రాత్రి కోడికూత నాలుగు సువార్తలలోను వినబడును. ఐరోపా దేవాలయ శిఖరములపై గాలిమర కోళ్ళు నిలుచుట ఆ కూతను గుర్తుచేయుటకే యందురు.
>
> తన రొమ్ము చీల్చి రక్తముతో పిల్లలను పోషించు గూడబాతు చిత్రము క్రైస్తవ కళలో ప్రసిద్ధమైనను, ఆ కథ బైబిలులో లేదు. ఫిజియోలోగస్ అను ప్రాచీన గ్రీకు జంతుకథల గ్రంథమునుండి వచ్చినది.

పట్టికలో చివరి పేరు

లేవీయకాండము పదునొకండవ అధ్యాయమున తినరాని పక్షుల పట్టిక కలదు. పక్షిరాజు మొదలుకొని కాకి, నిప్పుకోడి, గుడ్లగూబ, కొంగలను దాటి ఆ పట్టిక గబ్బిలముతో ముగియును. ద్వితీయోపదేశకాండమునందును చివరి పేరు అదియే.

ఆ చివరి పేరును తీసికొని మహాకావ్యము వ్రాసినవాడు మన తెలుగునాటనే పుట్టినాడు. 1895లో వినుకొండలో జన్మించి, క్రైస్తవ కుటుంబమున పెరిగి, కులము పేర అడుగడుగున అవమానము ననుభవించిన గుఱ్ఱం జాషువ 1941లో 'గబ్బిలము'ను వెలువరించెను. కాళిదాసు మేఘమును, ఇతరులు హంసను చిలుకను దూతలుగ పంపిన సాహిత్యమున, ఆలయప్రవేశము లేని ఒక పేదవాడు తన గోడును పరమేశ్వరునికి చెప్పుమని గబ్బిలమును బ్రతిమాలును. ఏలయన మనుష్యుని అడ్డగించు అర్చకుడు గర్భగుడిలో వ్రేలాడు గబ్బిలమును అడ్డగింపజాలడు. జాషువ లేవీయకాండపు పట్టికను మనసున పెట్టుకొని వ్రాసెనని నేననను. కాని కాకి రొట్టె తెచ్చిన గ్రంథమును చిన్ననాటినుండి విన్న చెవికి, అంటరానిదన్న ప్రాణియే దేవునికిని మనుష్యునికిని నడుమ వార్త మోయగలదన్న ఊహ దూరపు ఊహ కాదు. ఆ కవియే 'క్రీస్తు చరిత్ర' వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినాడు. గిజిగాని గూటి నేర్పునకు అబ్బురపడి పద్యములల్లినవాడును ఆయనయే.

రెండు కాసుల లెక్క

రెండు పిచ్చుకలు ఒక కాసుకు అమ్ముడుపోవునని మత్తయి సువార్త. అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్ముడుపోవునని లూకా సువార్త. కాసు అనగా దేనారమున పదునారవ వంతు. పిచ్చుకలు పేదల మాంసము, క్రీ.శ. 301లో డయొక్లీషియను చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనమునందును వాని పేరున్నది. ఒక కాసుకు రెండు వచ్చినప్పుడు రెండు కాసులకు నాలుగు రావలెను. అయిదవది కొసరు. కొనువానిని సంతోషపెట్టుటకు బేరగాడు పైన పడవేసినది; దానికి ధరయే లేదు. ఆ అయిదింటిలో ఒకటియైనను దేవుని యెదుట మరువబడదని యేసు చెప్పినప్పుడు, అంగడి లెక్కలో సున్నయైన ఆ అయిదవ పిచ్చుకకును లెక్క దొరకినది. వినుచున్నవారు జాలరులు, కూలీలు, పన్నుల భారము మోయువారు. తాము ఏ లెక్కలోని వారో వారికి బాగుగ తెలియును.

మన ఊరపిచ్చుక నేడు ఎట్లున్నది? భారతదేశపు పక్షుల స్థితిగతులపై 2020లో వెలువడిన నివేదిక, దేశము మొత్తముమీద ఊరపిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగనే యున్నదనియు, హైదరాబాదు మొదలగు మహానగరములలో మాత్రము తగ్గినదనియు తేల్చినది. ఢిల్లీ ప్రభుత్వము 2012లో దానిని రాష్ట్రపక్షిగ ప్రకటించినది. పెంకుటిండ్ల చూరులు పోయి నున్నని గోడలు వచ్చుటచే గూడునకు చోటు కరవైనది. పెద్దపిచ్చుక గింజ తిని బ్రతికినను పిల్లలకు పురుగులే ఆహారము గనుక, పురుగుమందులు చల్లిన తోటలలో పిల్లలు దక్కుట కష్టమైనది. కిరాణాకొట్ల ముందు గోనెసంచులనుండి రాలు గింజలు ప్లాస్టిక్ పొట్లములు వచ్చినప్పటినుండి రాలుట మానినవి. కోనసీమలోను ఇతర పల్లెలలోను చూరునకు వరికంకుల కుచ్చులు వ్రేలాడదీయు వాడుక ఇంకను కొంత మిగిలియున్నది.

దేవుని బలిపీఠముల చెంత పిచ్చుకకు ఇల్లును వానకోవెలకు గూడును దొరికెనని కీర్తనకారుడు అసూయతో పాడెను. మన పాత మిషను దేవాలయముల ఎత్తైన పెంకుకప్పుల క్రింద దూలముల సందులలో ఆ కీర్తన అక్షరాల నిజమై యుండెడిది. ప్రసంగము నడుమ పిచ్చుకల కిచకిచలు విని పెరిగిన తరము ఇంకను బ్రతికియే యున్నది. ఇప్పుడు వాని స్థానమున గాజు కిటికీలతో, చల్లని గాలి యంత్రములతో, ఒక్క సందు లేని కప్పులతో విశాలమైన మందిరములు లేచుచున్నవి. వర్ధిల్లుచున్న సంఘములు వసతిగల మందిరములు కట్టుకొనుట తప్పు కాదు. కప్పు వేయునాడు సంఘపెద్దలు మేస్త్రీతో ఒక్కమాట చెప్పిన చాలును. ఒకటింబావు అంగుళపు రంధ్రము గల చెక్కపెట్టెలను వర్షపు జల్లు తగులని వైపున, పిల్లికి అందనంత ఎత్తున, చూరు క్రింద అమర్చవచ్చును. ఆవరణలో పురుగుమందు తగులని పొదలు నాలుగు ఉంచిన, పిచ్చుకపిల్లలకు మేతయు అచటనే దొరకును.